గాజుపళ్లేల అక్క

గాజుపళ్లేల అక్క మరిపెడలో, తమ్ముడి ఇంట్లో పోయిందని మా పాత ఇంటి యజమానురాలు కూరగాయల మార్కెట్లో కనిపించి చెప్పింది. ఆ సాయంత్రం నుంచి ఆమె గురించి నాకు తెలిసినవాటిని ఒకవైపు, విన్నవాటిని ఒకవైపు పెట్టుకుంటూ కూర్చున్నాను. ఇది వృత్తి అంటించిన అలవాటు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాడు తాను కొలిచినదాన్నీ, ఎవరో కొలిచామన్నదాన్నీ ఒకే గడిలో రాయడు.

నిశ్చయంగా చెప్పగలిగినవి తక్కువ. ఆమె వరంగల్ కాశిబుగ్గలో నేతపనివాళ్ల ఇంట పుట్టింది. డెబ్బైల నడిమి నుంచి ఎనభైల మొదటి సంవత్సరాల వరకు హనుమకొండ సుబేదారిలో మేమున్న ఇంటి వెనుక వాటాలో అద్దెకుంది. జాకెట్లు కుట్టి బతికేది. మిషను ఆగిన వేళల్లో చౌకరకం గాజుపళ్లేల వెనుకవైపు పాత కాగితపు బొమ్మలు అంటించి, గోడకు తగిలించుకునే అలంకారాలుగా మార్చేది. మా ఈడువాళ్లకంటే నాలుగైదేళ్లు పెద్దది కాబట్టి వాడంతటికీ అక్క. నాకూ అక్కే. నన్ను ‘సారూ’ అని పిలుస్తూనే ‘నువ్వు’ అనేది.

ఇక విన్నమాటలు. ఈ విద్యను ఆమె హైదరాబాదులో ఒక దొరసాని ఇంట్లో నేర్చుకుందని కొందరు చెప్పారు. దవాఖానలో పనిచేసే ఒక నర్సు నేర్పిందని మరికొందరు. నేరుగా ఆమెనే అడిగాను. ఒకరోజు ‘కలల వచ్చింది’ అంది. ఇంకోరోజు ‘పగిలిన అద్దం నేర్పింది’ అంది. అందువల్ల ఆ విషయంలో ఆమె స్వయంగా చెప్పినదాన్ని కూడా విన్నమాటల్లోనే చేర్చక తప్పలేదు.

పళ్లేలు తోపుడుబండివాడి దగ్గర కొనేది. చుట్టూ అలల అంచు, లోపల కాస్త ఆకుపచ్చ జీర. ఇసుకలో ఇనుము ఉండటం వల్ల ఆ జీర వస్తుందని నేను చెబితే, “అయితె మంచిదే సారూ, ఇనుమున్నది గట్టిగుంటది” అంది. అది సరైన తర్కం కాదని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. బొమ్మలను మాత్రం ఆమె కొనలేదు. నూలు కట్టల మీద మిల్లులవాళ్లు అంటించి పంపే రంగుల చీటీలను ఆమె తాత, తండ్రి ఒక రేకుపెట్టెలో దాచారు. కలువలో నిలబడ్డ లక్ష్మి, ఏనుగు మీద రాజు, గొడుగు పట్టిన దొరసాని, పురి విప్పిన నెమలి. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయి ఇల్లు పంచుకున్నప్పుడు ఆమె ఆ పెట్టెనే అడిగి తీసుకుందట. పెట్టెను నేను చూశాను. ఆమె అడిగి తీసుకుందో, ఎవరూ వద్దంటే మిగిలిందో చెప్పలేను.

ఆ పని క్రమమే తలకిందులు. గోడ మీద బొమ్మ వేసేవాడు ముందు ఆకాశం వేసి, చెట్లు వేసి, మనిషిని వేసి, చివరికి ముక్కుపుడక దిద్దుతాడు. గాజు వెనుక నుంచి పనిచేసేవాళ్లకు ముక్కుపుడక మొదటిది. తర్వాత ముఖం, తర్వాత చెట్లు, అన్నిటికీ చివర ఆకాశం. ఒకదాని మీద ఒకటి పడ్డాక మొదటిదాన్ని దిద్దే వీలుండదు. పురుగు పట్టకుండా, అంటించడానికి కాచిన మైదా లైలో చిటికెడు మైలుతుత్తం కలిపేది. వేరే చోట అయితే వీపుకు రాసే లైని బొమ్మ ముఖానికి రాసి, గాజుకు ఆనించి, తడిగుడ్డతో నడిమి నుంచి అంచుకు ఒత్తేది. అంతా ఆరాక తలుపులకు వేయగా మిగిలిన ఎనామిల్ రంగు వెనుక పూసేది.

గాలిబుడగ లేస్తే దానితో మాట్లాడేది.

“అగో, మల్ల లేచింది. అల్లుని లెక్క ఈ బుడగ. ఒక దిక్కు సముదాయిస్తె ఇంకో దిక్కు అలుగుతది.”

“నీకు అల్లుడేడున్నడే అక్కా?” అనేది ఇంటి యజమానురాలు, బియ్యం ఏరుతూ.

“లేడు గనుకనే ఇంత మంచిగ సమజైంది.”

యజమానురాలు దైవభక్తి గల మనిషి. ఒక శుక్రవారం అక్క చేతిలో కత్తెర చూసి గతుక్కుమంది. “లచ్చిమికి కత్తెర పెడుతానవా? పాపం గాదా?”

“లచ్చిమిని కోస్తాన్నా నేను? లచ్చిమి చుట్టున్న కాయిదం కోస్తాన. తల్లిని బయటికి తీస్తాన,” అంది అక్క, తల ఎత్తకుండా.

పళ్లెం పూర్తయ్యే ముందు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి, ఇంకా రంగు పడని భాగంలో నుంచి ఎదుట ఎవరుంటే వారిని చూసేది. నన్ను కూడా అలా చూసింది. “గాజులకెల్లి చూస్తె నువ్వు మంచిగనే కనబడతవ్ సారూ,” అంది. అది ప్రశంసో వెక్కిరింపో నిర్ధారించుకోలేకపోయాను.

ఆమె నమ్మకాల్లో నేను పరీక్షకు పెట్టింది ఒకటుంది. అమావాస్య నాడు అంటిస్తే బుడగలు పడతాయని ఆమె గట్టిగా అనేది. చంద్రుడికీ మైదా లైకీ సంబంధం ఉండటానికి కారణం కనిపించక, నేను కొన్ని పళ్లేలు కొని, అమావాస్య నాడు సగం, మామూలు రోజున సగం నా చేత్తో అంటించాను. రెండింటిలోనూ బుడగలు సమానంగా, అంటే విస్తారంగా వచ్చాయి. ఫలితాన్ని విజయగర్వంతో ఆమె ముందు పెట్టాను. ఒక్కొక్క పళ్లెం తిప్పి చూసింది.

“నీ చేతికి రోజూ అమాసనే సారూ.”

ఆమె భర్త భీవండిలో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడని ఆ ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. మేము చేరిన కొత్తలో అతను రావడం చూశాను. పొట్టిగా, మాటతక్కువగా ఉండే మనిషి. తర్వాత రాలేదు. ఆమె నుదుట పెద్ద బొట్టు, మెడలో పుస్తెలు. ఎవరైనా అడిగితే ‘దసరకు వస్తడు’ అనేది. కొంతకాలానికి ఆ మాట వినిపించడం మానేసింది. ఆమె చెప్పడం మానిందో, మేము అడగడం మానేశామో ఇప్పుడు గుర్తు లేదు.

ఇంటి యజమానులకు హనుమకొండ చౌరస్తాలో కిరాణా దుకాణం ఉండేది. వాళ్ల అమ్మాయి వెనుక వాటాలోనే పెరిగిందనవచ్చు. అక్క మిషను కింద పడిన గుడ్డముక్కలతో బొమ్మలకు బట్టలు కట్టిన పిల్ల. ఆమెకు వరంగల్‌లో ఒక టోకు వ్యాపారి ఇంట సంబంధం కుదిరింది. అక్క రేకుపెట్టెలో అన్నిటికంటే పాతదైన లక్ష్మి చీటీ తీసి పళ్లెం చేసింది. అంత మంచి పళ్లెం ఆమె అంతకు ముందు చేయలేదు. ఒక్క బుడగ లేదు, వెతికాను. గోడకు తగిలించుకోవడానికి వెనుక ఇనుప కొక్కెం కూడా బిగించింది. సారె సామానుతో పాటు అదీ వరంగల్ వెళ్లింది.

ఆ ఇంటి గడప దగ్గర జరిగింది నేను అక్కడ నిలబడి చూశాను. హారతికి ఇత్తడి పళ్లెం సిద్ధంగానే ఉంది. కానీ పెళ్లికొడుకు చెల్లెలు సారెలో ఈ పళ్లెం చూసి మురిసిపోయింది. “లచ్చిమి వస్తాంది, లచ్చిమి పళ్లెంలనే హారతిద్దాం” అని గాజు నడిమధ్యన కర్పూరం పెట్టి వెలిగించి, గడపకు అడ్డం నిలబడింది.

“పేర్లు చెప్పంది లోపలికి పోనియ్య.”

పెళ్లికూతురు చెప్పింది.

“వినబడలె వదినా. మా అన్న పేరు గంత చిన్నదా?”

పిల్ల మళ్లీ చెప్పింది. అందరూ నవ్వారు. పెళ్లికొడుకు వంతు వచ్చేసరికి అతనికి సిగ్గు ముంచుకొచ్చింది. బతిమిలాడారు, వెక్కిరించారు. ఈలోగా కర్పూరం తగ్గుతుంటే ఆడబిడ్డ ఇంకొన్ని బిళ్లలు వేసింది, మళ్లీ వేసింది. చివరికి అతను పేరు చెప్పాడు. పిల్ల కుడికాలు ఎత్తింది. టప్‌మని చప్పుడైంది. పళ్లెం లక్ష్మి నడుము మీదుగా రెండై, ఒక ముక్క ఆడబిడ్డ చేతిలో మిగిలి, ఇంకొకటి గడప మీద పడింది. కర్పూరం నేల మీద మండుతూనే ఉంది.

“ఆగుండ్రి,” అంది పెళ్లికొడుకు తల్లి.

పిల్ల ఎత్తిన కాలు వెనక్కి దించింది. కొత్త దంపతులను అరుగు మీద కూర్చోబెట్టి పెద్దలు లోపల మాట్లాడుకున్నారు. సాయంత్రానికి పిల్లను తల్లిదండ్రులతో తిరిగి పంపారు. మంచిరోజు చూసి తోలుకపోతామన్నారు.

ఆషాఢం వచ్చి పోయింది. శ్రావణం వచ్చినా మంచిరోజు దొరకలేదు. పిల్ల పాదం మంచిది కాదని అత్తగారు అన్నట్లు బజారులో మాట తిరిగింది. పిల్ల బయటికి రావడం మానేసి, వెనుక వాటాలో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టేది. ఇంటి యజమానురాలు అక్కతో మాటలు తగ్గించింది. ఒకసారి మాత్రం ఉండబట్టలేక, “గోడకు పెట్టేదని ఒక్క మాట చెప్పి ఇయ్యకపోతివి అక్కా” అంది. కొక్కెం చూసినవాళ్లకు ఆ మాట చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఎవరనుకుంటారు? అక్క ఆ వాదన చేయలేదు.

కారణం నాకు తెలుసు. నడుమ వేడెక్కి వ్యాకోచిస్తుంది, అంచు చల్లగా ఉండి వదలదు, గాజు సాగదు కనుక పగులుతుంది. ఇదంతా ఇంటి యజమానురాలికి చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, “గదే మా వియ్యపురాలికి చెప్పుండ్రి సారూ” అంది.

పెళ్లికొడుకు తల్లి మాట్లాడటానికి వచ్చిన రోజు నేను సిద్ధంగా ఉన్నాను. అదే బండివాడి దగ్గర అదే రకం పళ్లెం కొన్నాను. ఆమె కుర్చీలో, యజమానురాలు చాప మీద, పిల్ల తలుపు వెనుక, అక్క వెనుక గుమ్మంలో. పళ్లెం నడుమ కర్పూరం వెలిగించాను. మండింది. ఇంకా వేశాను. అదీ మండింది. పళ్లెం మసిబారింది, చెయ్యి పెట్టలేనంత కాలింది. పగలలేదు.

ఒకే రకం గాజైనా లోపాలు ప్రతి పళ్లెంలో ఒకేచోట ఉండవు. ఒకటి పగలకపోవడం వల్ల ఏదీ రుజువు కాదు. ఇదంతా నిజమే, ఇదంతా చెప్పాను. పెళ్లికొడుకు తల్లి విసుక్కోలేదు, జాలిగానే మాట్లాడింది.

“నువ్వు చదువుకున్నోనివి సారూ, నీ మాట కాదంటలేను. గీ పళ్లెం నిమ్మళంగనే ఉన్నది గద. నీ చేతుల పగలనిది నా కోడలు కాలెత్తంగనే ఎందుకు పగిలింది? గదొక్కటి చెప్పు.”

“ఇంకొకటి తెప్పిస్తాను.”

“ఎన్ని తెప్పిస్తవ్? పగిలేదాంక తెప్పిస్తవా?”

పద్ధతి దృష్ట్యా అది సరైన అభ్యంతరం. అనుకున్న ఫలితం వచ్చేవరకు ప్రయోగాన్ని తిప్పి తిప్పి చేసేవాడిని నేనూ నమ్మను. తలుపు వెనుక పిల్ల ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు అందరికీ వినిపిస్తోంది.

అప్పుడు అక్క లోపలికి వచ్చింది.

“ఊకో సారూ. వదినా, పిల్ల పాదం ఏం చేసింది? దోషం నా చేతిది.”

“ఏం చేతులే నీవి?”

“నా మొగడు భీవండిల పోయి చానా దినాలాయె. కబురొచ్చింది. ఎవ్వలకు చెప్పలె. చెప్తె పెండ్లి జాకెట్లు ఎవలు కుట్టిపిచ్చుకుంటరు? బొట్టు పెట్టుకొనే తిరిగిన. గీ చేత్తోనే లచ్చిమిని అంటించిన. తల్లి నిలుస్తదా?”

అంటూనే కొంగుతో నుదురు తుడుచుకుంది. కుంకుమ ఒక్కసారికి పోలేదు. ఆ తర్వాత మాట్లాడినంతసేపూ ఆమె నుదుటి మీద ఎర్రటి చార ఉండిపోయింది.

పెళ్లికొడుకు తల్లి లేచింది. “ఎంత పని చేసినవే! ముత్తైదుల నడుమ తిరుగుకుంట, శుభమాని పెండ్లి చేస్తె గిదా నువ్విచ్చేది?” అని చాలాసేపు తిట్టింది. తిట్టేకొద్దీ ఆమె ముఖంలో బిగువు సడలడం నేను గమనించాను. ఆమెకూ కోడలు కావాలి. దోషానికి ఇంకో చోటు దొరకాలి. చివరకు తలుపువైపు తిరిగింది.

“బిడ్డా, ఇటు రా. ఏడువకు. రేపు పొద్దుగాల్ల వస్తం. ఇత్తడి పళ్లెమే పట్టిస్త.”

పిల్ల బయటికి వచ్చి అక్కవైపు చూసింది. అక్క ఆమెను చూడలేదు. మసిబారిన నా పళ్లెం తీసుకుని కడగడానికి నల్లా దగ్గరకు పోయింది.

చెప్పినట్లే మర్నాడు వచ్చి పిల్లను తీసుకెళ్లారు. అక్కను వెనుక వాటా ఖాళీ చేయమని ఇంటివాళ్లు అనలేదు. అయితే బొట్టు పెట్టి పిలిచే ఏ పేరంటానికీ పిలవలేదు. పెళ్లి జాకెట్లు రావడం ఆగిపోయింది. పెళ్లి పళ్లేలు అడిగేవాళ్లు లేరు. ఆమె మంగలి షాపుకు నెమళ్లు, చాయ్ హోటల్‌కు ఏనుగులు అంటించి ఇవ్వసాగింది.

“వాళ్లకు దోషం అంటదు సారూ,” అంది నవ్వుతూ. “గడ్డం గీకేకాడ ముత్తైదువ ఏంటికి?”

నిజానికి నేను ఆమె మీద కోపంగా ఉన్నాను. గాజు పగలడానికి ఉన్న కారణాన్ని అందరూ వదిలేసి, లేని కారణాన్ని ఒప్పుకున్నారు, ఒప్పించింది ఆమె. ఆ మాట ఎప్పటికైనా తేల్చుకోవాలని, ఒక మధ్యాహ్నం ఆమె ఏనుగు తొండం చుట్టూ కత్తెర తిప్పుతుండగా అడిగాను.

“అక్కా, ఆ రోజు చెప్పింది నిజమేనా?”

“పిల్ల అత్తగారింట్ల ఉన్నదా?”

“ఉంది.”

“మంచిగున్నదా?”

“బాగుందనే విన్నాను.”

“విన్నవా, చూసినవా?”

“చూడలేదు.”

“అయితె పోయి చూసి రాపో. నీకు చూసిందే గద నిజం.”

వెళ్లి చూశాను కూడా. పప్పు కొనే నెపంతో వాళ్ల దుకాణానికి పోతే, లోపలి గుమ్మంలో అత్తాకోడళ్లు చింతపండు గింజలు తీస్తూ ఏదో విషయానికి పగలబడి నవ్వుతున్నారు. వచ్చి చెప్పాను. అక్క తల ఊపి, తొండం దగ్గర ఆగిన కత్తెరను మళ్లీ కదిలించింది.

ఆ పిల్ల కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు తల్లి కునుకు తీసే వేళ చూసుకుని వెనుక వాటాకు వెళ్లేది. ఇది నా కిటికీ నుంచి కనిపించేది. వాళ్లేం మాట్లాడుకునేవారో తెలియదు. మొన్న మార్కెట్లో యజమానురాలు ఇంకో మాట కూడా చెప్పింది: అక్క చావు కబురు విన్న రోజు తన కూతురు ముద్ద ముట్టలేదట. కారణం అడిగిన అత్తకు పంటినొప్పి అని చెప్పిందట.

మిగిలిన ప్రశ్న ఒకటే. ఆ రోజుకు అక్క భర్త నిజంగా చనిపోయి ఉన్నాడా?

రెండువైపులా సాక్ష్యం ఉంది, రెండూ బలహీనమైనవే. అతను ఏళ్లుగా రాలేదు, ఆమె దసరా మాట మానేసింది. ఇది ఒకవైపు. పోయినవాడి పేరిట ఆమె ఏ తిథినీ పాటించగా నేను చూడలేదు. తర్వాత కొంతకాలానికి ఆమెను మరిపెడ తీసుకుపోవడానికి వచ్చిన తమ్ముడు గుమ్మంలోనే నిలబడిపోయి, “నీ బొట్టేదక్కా?” అన్నాడు. ఆమె అతని రెక్క పట్టుకుని లోపలికి లాగి తలుపు వేసింది. ఇది ఇంకోవైపు. తమ్ముడికి కూడా దాచిందంటే ఆ సాక్ష్యమూ నిలవదు.

తెలుసుకునే దారి లేకపోలేదు. నా దగ్గర చదివిన ఒకతను భీవండిలో మరమగ్గాల కార్ఖానాలో గుమాస్తాగా ఉన్నాడు. వరంగల్ నుంచి పోయిన నేతపనివాళ్లంతా అక్కడ ఒకరికొకరు తెలిసినవాళ్లే. పేరు చెబితే ఆరా తీయడం కష్టం కాదు. అక్క భర్త ఆ రోజుకే చనిపోయాడని తేలితే ఏమీ మారదు. అప్పటికి బతికే ఉన్నాడని తేలితే, పళ్లెం పగిలిన దోషం మళ్లీ ఎవరిదో ఒకరిది కావాలి. ఆ అత్తగారు ఇంకా ఉన్నారు. పిల్ల రోజూ ఆ గడప దాటుతోంది. తెలిసినా నాలోనే దాచుకోవచ్చు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఈ ఊళ్లో ఒకరికి తెలిసిన సంగతి ఒకరి దగ్గరే ఆగడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆ గుమాస్తా ఈ వారమే సెలవు మీద వచ్చి నన్ను చూసి వెళ్లాడు. లేచేముందు, “భీవండిల మీకేమన్న పనుంటె చెప్పుండ్రి సార్, ఫికర్ లేకుంట చేసుకొస్త” అన్నాడు.

అక్కడ మగ్గాలకు కరెంటు సరిగా వస్తోందా అని అడిగాను.